అమ్మ భుజం మీది తువ్వాల

మొన్న సంక్రాంతికి జఫర్‌గఢ్ పోయాను. పొద్దున ఏడు దాటాక అమ్మ పాల ప్యాకెట్ల కోసం బయల్దేరింది. ఒంటి మీద నైటీ. గడప దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, దండెం మీది తువ్వాల తీసి భుజాల చుట్టూ కప్పుకొని అప్పుడు బయటికి అడుగు పెట్టింది. సరిగ్గా అదే సమయానికి మా పెద్దబాపు లుంగీని మోకాళ్ళ పైకి మడిచి కట్టి, పైన ఉత్త బనీనుతో, వేపపుల్ల నములుకుంటూ మా వాకిలి ముందు నుంచే పోయాడు. ఆయన దేనికోసమూ వెనక్కి తిరగలేదు.

“ఎందుకే అమ్మా ఆ తువ్వాల? మెడ నుంచి మడిమల దాకా బట్టే ఉంది గదా?” అన్నాను.

“ఉంటే ఉంటది బిడ్డా. బజాట్లకు పోంగ మీద ఏదన్న ఒకటి లేకపోతే మంచిగుంటదా?” అంది.

ఎవరికి మంచిగుండదు? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

అమ్మ నలభై ఏళ్ళు చీరలోనే బతికింది. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక, కుట్ల మీద లంగా నాడా బిగించలేక మొదటిసారి నైటీ వేసుకుంది. కుట్లు మానాయి. నైటీ మాత్రం ఉండిపోయింది. “ఇన్నేండ్లకు నా నడుము నాకొచ్చినట్టయింది” అని నవ్వింది ఒకసారి. స్త్రీవాద సాహిత్యం మీద పరిశోధన చేసి, దేహ రాజకీయాల గురించి పేజీలకు పేజీలు రాసిన నాకు, ఆ ఒక్క వాక్యం ముందు నా సిద్ధాంత గ్రంథం కొంచెం చిన్నదనిపించింది. కానీ ఒకరోజు రేషన్ దుకాణం వరుసలో ఒక పెద్దమనిషి “గిదేం ఏషం?” అన్నాడట. ఆ రోజు నుంచి తువ్వాల వచ్చి చేరింది.

సౌకర్యమంటే చిన్న విషయమని మనకు నేర్పారు. విప్లవాలు, చట్టాలు, ఆస్తి హక్కులు పెద్దవి. ఊపిరాడడం, గొంతుక్కూర్చోగలగడం, వేసవిలో చెమటకు ఒరిసిపోకుండా ఉండడం చిన్నవి. అసలు నైటీని ఒకసారి లెక్కగట్టి చూడండి. నడుముకు బిగింపు లేదు. ముందు జిప్పు ఉంటే బాలింత పిల్లకు పాలివ్వడం సులువు. పక్కన జేబు కుట్టించుకుంటే ఫోనూ తాళంచెవీ అందులోనే. అంట్లు తోమినా, పొయ్యి ముందు నిలబడ్డా, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినా బట్ట మార్చే పని లేదు. లుంగీలో మగవాడు అనుభవించేది సరిగ్గా ఇదే. అతని లుంగీ చల్లదనం, వాడుక అందరికీ కనిపిస్తాయి. ఆమె నైటీలో మాత్రం ‘బరితెగింపు’ కనిపిస్తుంది.

నాడా విషయం చిన్నది కాదు కూడా. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రిక ఇద్దరు భారతీయ స్త్రీల కథ ప్రచురించింది. దశాబ్దాల తరబడి నడుముకు బిగించి కట్టిన బట్ట రాపిడికి పుండు పడి, మానక, చివరికి చర్మ క్యాన్సర్‌గా మారింది. ఇది అరుదే. కానీ నాడా ఒరిసి నల్లబడిన నడుములు అరుదా? మన ఇళ్ళల్లో అమ్మల నడుము చుట్టూ ఉన్న ఆ నల్లటి గీత ఎవరు చూశారు?

“చీర మన సంప్రదాయం” అనేవాళ్ళను నేనొకటి అడుగుతాను. ఏ చీర? మా అమ్మమ్మ తరం కూలి ఆడవాళ్ళు గోచీ పెట్టి చీర కట్టి పొలంలో దిగేవాళ్ళు. కాళ్ళకు అడ్డం రాదు, వంగితే జారదు. దాన్ని ‘మోటు కట్టు’ అని ఎగతాళి చేసి మూలకు నెట్టిందీ ఈ సంప్రదాయవాదులే. లంగా, జాకెట్టు, కుచ్చిళ్ళు, పైట ఉన్న ఇవాళ్టి ‘మర్యాదస్తుల’ చీర రూపు దిద్దుకున్నది పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో. బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూసి, జ్ఞానదానందినీ దేవి బెంగాల్‌లో ప్రచారం చేసిన పద్ధతి అందులో ఒక పాయ. నూటయాభై ఏళ్ళ ఫ్యాషన్‌ను అనాది ఆచారమని మన నడుముకు కట్టారు.

మగవాళ్ళ సంప్రదాయం ఏమైంది మరి? నేను పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో అధ్యాపకురాళ్ళు చీరలోనే రావాలనేది నోటిమాటగా నడిచే నియమం. బస్సులో నిలబడి, మెట్లెక్కి, నాలుగు గంటలు బోర్డు ముందు నిలబడే పని అది. పక్క గదిలో పాఠం చెప్పే మగ అధ్యాపకుడిని పంచె కట్టుకు రమ్మని ఎవరూ అనలేదు. అతను ప్యాంటులోకి మారిపోయాడు, సంస్కృతి బరువు మాత్రం ఆమె భుజం మీదికి పిన్ను పెట్టి తగిలించాడు. జాతీయవాదం బయటి ప్రపంచాన్ని మగవాడికీ, లోపలి ‘ఆత్మ’ను ఆడదానికీ పంచిపెట్టిన తీరును పార్థ ఛటర్జీ 1989లోనే విశ్లేషించారు. కేరళలో అధ్యాపకురాళ్ళు చీరే కట్టుకోవాలన్న నిబంధన ఏదీ లేదని 2021 నవంబరులో ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. చదువుకున్నవాళ్ళ లోకం సంగతే ఇది.

స్కాట్లాండు మగవాళ్ళ కిల్ట్ చూడండి. కుచ్చిళ్ళు పోసిన ఉన్ని పావడా అది. 1746లో బ్రిటిష్ పార్లమెంటు హైలాండ్ మగవాళ్ళు ఆ దుస్తులు వేసుకోకూడదని చట్టం చేసింది. 1782లో దాన్ని రద్దు చేశారు. ఆ నిషేధాన్ని చరిత్ర అణచివేత అనే రాసుకుంది. ఇప్పుడు పెళ్ళిళ్ళకు కట్టే ఎనిమిది గజాల బరువు కిల్ట్ వదిలి, రోజువారీగా కట్టుకోవడానికి తక్కువ బట్టతో తేలికైనవి కుట్టించుకుంటున్నారు. గాలాడుతుందని, నడవడానికి హాయిగా ఉంటుందని మురిసిపోతున్నారు. సంతోషమే. మగవాడు నిషేధం దాటి కట్టుకుంటే ఆత్మగౌరవం, బరువు తగ్గించుకుంటే సౌకర్యం. మరి ఆడది?

ఆమెకు జరిమానా. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లిలో కులపెద్దలు పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆడవాళ్ళు నైటీ వేసుకోకూడదని కట్టడి పెట్టారు. తప్పితే 2,000 రూపాయల జరిమానా. పట్టిచ్చినవాళ్ళకు 1,000 రూపాయల బహుమానం. ఆ బహుమానం గురించి ఆలోచించండి. పక్కింటి ఆమె ఒంటి మీద ఏముందో చూసి చెప్పడం ఒక ఆదాయ మార్గమైంది. నవంబరులో పత్రికలకెక్కాక అధికారులు ఆ ఊరికి వెళ్ళారు. లుంగీ మీద ఒక్క రూపాయి జరిమానా ఎప్పుడైనా విన్నామా?

మా దగ్గర జరిమానా లేదు. తువ్వాల ఉంది. కాగితం మీద లేని కట్టడి అది. తోకలపల్లిలో పెద్దలు వసూలు చేయాల్సి వచ్చింది, ఇక్కడ అమ్మ తనకు తానే కట్టుకుంటోంది.

ఇంకో సంగతి. నాట్ల కాలంలో మా ఊరి ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల అంగీ తొడుక్కొని బురదలో దిగుతారు. ఎండకూ బురదకూ అడ్డం. అప్పుడు ఏ పెద్దమనిషికీ సంస్కృతి గుర్తు రాదు. ఎందుకంటే ఆ అంగీ వల్ల పని సాగుతుంది, పంట చేతికొస్తుంది. ఆడదాని బట్ట యజమానికి పనికొస్తే అభ్యంతరం ఉండదు. ఆమె సుఖానికి పనికొస్తేనే నీతి మేలుకుంటుంది.

మన స్నేహితుల్లోనే కొందరు వేరే మాట అంటారు. నైటీ స్వేచ్ఛ కాదు, ఇరవై నాలుగు గంటల ఇంటిచాకిరీకి యూనిఫారం అని. నిద్రకూ పనికీ ఒకే బట్ట కావడమంటే, ఆమెకు పని ముగిసే వేళంటూ లేదని. నిజమే, కాదనను. కానీ దానికి జవాబు చాకిరీ తగ్గించడం, ఇంటి పని పంచుకోవడం. ఆ చాకిరీ మధ్య ఆమె సంపాదించుకున్న కాస్త వెసులుబాటును చిన్నచూపు చూడడం కాదు. నైటీని పూజించమని నేననడం లేదు. చీర ఇష్టమైతే చీర, పంజాబీ డ్రెస్ అయితే అది, ప్యాంటు అయితే ప్యాంటు. సుఖాన్ని బట్టి ఎంచుకునే హక్కు లుంగీకి ఉన్నంత సహజంగా మనకూ ఉండాలంటున్నాను. అడగకుండా, సంజాయిషీ చెప్పకుండా.

మర్నాడు నేనూ నైటీలోనే అమ్మ వెంట పాలకు పోయాను. నా భుజం మీద ఏమీ లేదు. అమ్మ అలవాటు కొద్దీ తువ్వాల తీసింది. నన్నొకసారి చూసింది. కప్పుకోలేదు, చేతిలో పట్టుకుంది. దుకాణం ముందు నలుగురు మగవాళ్ళు, నలుగురూ లుంగీల్లోనే ఉన్నారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. అమ్మ రెండు పాల ప్యాకెట్లు తీసుకొని, వాటిని తువ్వాలలో మూటగట్టింది.

దారిలో అంది: “రేపు నువ్వు పోతవు బిడ్డా. నేను ఈడనే ఉండాలె గద.”

నా దగ్గర జవాబు లేదు. ఒక్క కూతురి ధైర్యం సంక్రాంతి సెలవుల్లాంటిది, మూడు రోజుల్లో అయిపోతుంది. ఆ వాడలో ఇంకో పదిమంది తువ్వాలలు దండేల మీదే ఉంచి బయటికి రావాలి. అప్పుడు గొంతు సవరించుకునేవాళ్ళకు దగ్గు మందు వెతుక్కోవడం తప్ప వేరే పని ఉండదు.