గాంధీ తాయెత్తు, కోసిగి కూలి

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ప్రధానమంత్రి ఒక మాట చెప్పినాడు. ఆర్‌సీఈపీ అనే వ్యాపార కూటమిలో చేరడానికి గాంధీ తాయెత్తూ ఒప్పుకోలేదు, నా అంతరాత్మా ఒప్పుకోలేదు అన్నాడు. ఏ పని చేసేముందయినా నువ్వు చూసిన వాళ్లలో అందరికన్నా పేదవాని, బలహీనుని ముఖం గుర్తు తెచ్చుకో అని గాంధీ చెప్పిందే ఆ తాయెత్తు. సరే, ఆ ముఖం ఏ ఊరిది? కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో దీపావళి దాటినాక మాలవాడ, మాదిగవాడల్లో తలుపులకు తాళాలు పడతాయి. పిల్లాపాపలతో సుగ్గికని గుంటూరు పత్తికీ మిరపకీ పోతారు, బెంగుళూరు మట్టిపనికి పోతారు. ముసలోళ్లే మిగులుతారు. బ్యాంకాక్‌లో గుర్తుకొచ్చిన ముఖం వీళ్లదే అయితే, ఆ తర్వాత వీళ్ల బతుకులో మారిందేమి?

కూటమి అంటే ఏందో తెలియని అన్నదమ్ములకు రెండు ముక్కల్లో చెప్తాం. ఆగ్నేయాసియా దేశాలు పది, వాటితో చైనా, జపాన్, కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. ఒకరి సరుకు మీద ఒకరు సుంకాలు తగ్గించుకోవాలని బేరం. మన దేశం ఏడేండ్లు ఆ బేరంలో కూర్చుంది. 2017 జూలైలో హైదరాబాదులోనే ఒక విడత మాట్లాడుకున్నారు. లోపల ఏం రాసుకుంటున్నారో జనానికి కాగితం ముక్క చూపలేదు. కడాకు మనవాళ్లు లేచి వచ్చేసినారు. మిగిలిన 15 దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేసుకున్నాయి.

అప్పటినుంచి రెండు గుంపులు కొట్లాడుతుండాయి. బయటికి రావడం మంచిదయింది, రైతు బతికినాడు అని ఒకరు. తప్పు చేసినాం, ఫ్యాక్టరీలన్నీ వియత్నాం ఎగరేసుకుపోయింది అని ఇంకొకరు. మొదటి మాటలో నిజముంది. న్యూజిలాండ్ పాలపొడి సుంకం లేకుండా వచ్చి పడితే, ఒక్క బర్రెగొడ్డు పెట్టుకుని పూటకు రెండు లీటర్లు పోసే మన ఆడబిడ్డకూ దెబ్బే. కాదనం. రెండో మాట చెప్పే పెద్దమనుషుల్ని మాత్రం ఒకటే అడుగుతాం. ఆదోని జిన్నింగు మిల్లుల్లో దూది దుమ్ము మింగుతూ పనిచేసే ఆడోళ్లకు మీరు ఏనాడు కూలి పెంచమన్నారు? వాళ్లకు లేని జాలి రాబోయే ఫ్యాక్టరీల కూలీల మీద యాడనుంచి పుట్టుకొచ్చె?

అసలు బయటికి వచ్చింది ఎంత నిజమో చూడండి. ఆగ్నేయాసియా దేశాలతో, కొరియాతో, జపాన్‌తో విడివిడి ఒప్పందాలు అంతకుముందే ఉండాయి. ఆస్ట్రేలియాతో 2022లో కుదుర్చుకున్నారు. అందులో ఏడాదికి 51 వేల టన్నుల ఆస్ట్రేలియా పత్తి సుంకం లేకుండా రావచ్చు. న్యూజిలాండ్‌తోనూ మాటలు ముగిసినాయని 2025 డిసెంబరులో ప్రకటించినారు, పాలు మాత్రం పక్కన పెట్టినామన్నారు. పదిహేనింటిలో చైనా ఒక్కటే మిగిలె. ముందు వాకిలి మూసినామని డప్పు కొట్టినారు, పెరటి వాకిలి తెరిచిపెట్టినారు.

పత్తి సంగతి ఇంకా చోద్యం. దానికి ఏ ఒప్పందమూ అక్కర్లేకపోయింది. విదేశీ పత్తి మీద 2021 బడ్జెట్లో వేసిన 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టులో ఒక్క నోటిఫికేషన్‌తో ఎత్తేసినారు. అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది, బట్టల మిల్లులు తట్టుకోలేవు అన్నారు. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించినారు. అంటే ఆదోని యార్డుకు కొత్త పత్తి బండ్లు వచ్చే కాలమంతా గేటు బార్లా తెరిచిందన్నమాట. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలని కాగితం మీద ఉండింది. ఆ ధర కావాలంటే సీసీఐకి పోవాల, ఫోన్లో యాప్‌లో పేరు ఎక్కాల, తేమ 12 శాతం దాటకూడదు. పత్తి పండించిన వాడికి తన పేరున భూమి కాగితం లేకపోతే? 2019 నాటి కౌలుదారుల చట్టం భూయజమాని సంతకం ఉంటేనే కార్డు అంది. మాదిగ కౌలుదారుకు ఏ రెడ్డి సంతకం పెడతాడప్పా? వాడు దళారి తక్కెడ కిందికే పోవాల.

ఇంక కూలిది చెప్పనే అక్కర్లేదు. ధర పడితే "గిట్టుబాటు కాలేదు, కిలోకు ఇంతే ఇస్తా" అంటాడు ఆసామి. 2022లో ధర ఆకాశానికి లేచినప్పుడు ఆ లెక్కన కూలి పెరిగిందా? నష్టంలో భాగముంది, లాభంలో లేదు. ఇది ఈనాటి కనిపెట్టుడు కాదు. బాబాసాహెబ్ 1923లో లండన్‌లో అచ్చయిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ'లో ఇదే లెక్క తేల్చినాడు. రూపాయి విలువ పడిపోతే ఎగుమతిదారుకు లాభం వస్తుంది, ధరలు పెరిగినంతగా కూలి పెరగదు గనక ఆ లాభం కూలివాని నోటికాడిది అన్నాడు. సుంకమైనా, మారకమైనా, కూటమైనా మనం చూడాల్సింది అదే లెక్క.

పరాయి సరుకు దెబ్బ మనకు కొత్తా? ఒకప్పుడు ముతక గుడ్డ నేసిన మాల ఇండ్లు ఎన్ని లేవు! మాంచెస్టర్ గుడ్డ వచ్చి ఆ మగ్గాలు పడిపోయినప్పుడు ఎవరూ ధర్నా చేయలేదు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సంఘం పెడితే దానికి చరిత్రలో పేరుంది, ఉండాల్సిందే. మాల మగ్గానికి పేరు కూడా మిగల్లేదు. డంకెల్ వచ్చినప్పుడూ, 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చినప్పుడూ రైతు పేరు చెప్పి ఎన్నో సభలు జరిగినాయి, మనం పోయి కింద కూర్చొని చప్పట్లు కొట్టి వచ్చినాం. అదే కాలంలో సీడుపత్తి చేలల్లో క్రాసింగుకు చిన్న చేతులు కావాలని మన ఆడపిల్లల్ని బడి మాన్పించి దింపినారు. ఆ సభల్లో దాని మాట ఎత్తినోళ్లు ఎందరు?

పత్తి సుంకం మళ్లీ ఎత్తేస్తామని ఢిల్లీ అంటే ఆదోని యార్డు ముందర మళ్లీ ధర్నాలు జరుగుతాయి. మన సంఘాల వాళ్లు పోవాలా వద్దా అని అడుగుతుండారు. పోవాల. సుంకం ఉండాలని మనమూ అనాల, బయటి పత్తి దిగితే మొదట పని పోయేది మన ఇంట్లోనే. కానీ ఊరేగింపు తోకన నిలబడి జిందాబాద్ కొట్టడానికి కాదు. మద్దతు ధర పెరిగినప్పుడల్లా పత్తి తీసే కూలి కిలోకు అదే పాళ్లలో పెరగాల. భూయజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభలో పేరు చదివి కౌలు కార్డు ఇయ్యాల. మనల్ని పిలవడానికి వచ్చే రైతు నాయకుల్ని ముందు ఈ రెండూ కరపత్రంలో అచ్చేసి తెమ్మనండి.