కాపలాదారు పొరబడితే?

పిల్లలూ! ఊరంతటికీ కాపలా కాసేవాడే పొరబడితే ఏమవుతుందో చూడండి.

'క్లౌడ్' అంటే ఇక్కడ మేఘం కాదు. ఎక్కడో దూరాన ఉండి మన పనులు చేసిపెట్టే కంప్యూటర్ల సముదాయం. అమెరికాలో 2011లో పుట్టిన క్రౌడ్‌స్ట్రయిక్ కంపెనీ అలాంటి సముదాయం నుంచే దేశదేశాల కంప్యూటర్లకు కాపలా కాస్తుంది. ఒకచోట కొత్త దాడి కనబడితే, మిగిలిన వాటన్నిటినీ వెంటనే హెచ్చరిస్తుంది. అది పెరగడానికి ఆ వేగమే ఒక కారణం.

ఆపదా ఆ వేగంతోనే వచ్చింది. 2024 జులై 19న అది పంపిన ఒక ఫైలులో తప్పు దొర్లి, దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో రాసిచ్చారు! కొన్ని దేశాల ఆసుపత్రులలో శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి.

కొత్త మందును ముందు కొద్దిమందిపై పరీక్షించాకే అందరికీ ఇస్తాం గదా! ఎంత పెద్ద కాపలాదారైనా పాటించవలసిన నియమం అదే.