బెల్టిచ్చారు సరే, గడువేదీ?

వెన్నెముక ఆపరేషనయ్యాక బెల్టు కట్టి ఇంటికి పంపిస్తారు. ఎప్పుడు కట్టాలో, ఎన్నాళ్ళకి తీసెయ్యాలో మాత్రం నేను చూసిన చీటీల్లో ఉండదు. ఇదేం పద్ధతండీ? మా జహీరాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. ఆ ఒక్క ముక్క అడగడానికి కుట్లు ఆరని మనిషి బస్సెక్కాలా?

2008లో అచ్చయిన ఓ పరిశోధనలో, నడుముకి ఫ్యూజన్ ఆపరేషనైన కొందరికి 8 వారాలు బెల్టు కట్టారు, కొందరికి కట్టలేదు. కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మరి గడువు చెప్పకుండా నెలలకి నెలలు బిగించుకోమనడం దేనికి?

బెల్టు విసిరికొట్టమనట్లేదు. ఎముక విరిగినవాళ్ళ సంగతి వేరు, సొంతంగా తీసెయ్యకూడదు. అందుకే రాసివ్వమంటున్నా. సాఫ్ట్‌వేర్లో చిన్న ప్యాచ్‌కే నాలుగు ముక్కలు రాసిస్తాం. మనిషి వెన్నుకి ఆమాత్రం రాయలేరా?