దీవుల వేగానికి ఢిల్లీ ట్రాక్

2018 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో అండమాన్ నికోబార్ యువకుడు ఎసో ఆల్బన్ కెయిరిన్ రజతం గెలిచారు. ప్రపంచ సైక్లింగ్‌లో భారత్‌కు అదే తొలి పతకం. మోటారు బండి వెంట సాగి, అది తప్పుకున్నాక చివరి చుట్లలో తేలే పందెమిది. స్వర్ణం 0.017 సెకన్ల తేడాతో చేజారింది. మరుసటి ఏడాది జర్మనీలో టీమ్ స్ప్రింట్ స్వర్ణం దక్కింది.

ఇది ఒక్కరి అదృష్టం కాదు. అంతకుముందే, సునామీ నుంచి బయటపడిన కార్ నికోబార్ యువతి డెబోరా హెరాల్డ్ ఇదే ట్రాక్‌పై పేరు తెచ్చుకున్నారు. అయితే 2010 కామన్వెల్త్ క్రీడలకు నిర్మించిన, 250 మీటర్ల చెక్క వెలోడ్రోమ్ ఉన్నది ఢిల్లీలో. దీవుల నుంచి చెన్నై తీరానికే 1,200 కిలోమీటర్లకు పైగా దూరం. అందుకే అక్కడి పిల్లలు పాఠశాల వయసులోనే ఇల్లు విడిచి శిక్షణకు ఢిల్లీ చేరాల్సి వస్తోంది.