మెరుగుకు ముందు మురికి

పోయిన ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, రెండు బకెట్ల మధ్య నేను చతికిలబడి ఉండగా ఎదురింటి రిటైర్డు తహసీల్దారుగారు ప్రహరీ మీదనుంచి తొంగిచూశారు.

"ఏం మాస్టారూ, పద్యాలు మానేసి సర్వీసింగు షెడ్డు పెట్టారా?"

"లేదండీ, కారుకు పాలిష్ పెడదామని."

"పాలిష్ ఏదీ? గంటన్నరనుంచి చూస్తున్నాను, కడుగుతూనే ఉన్నారు!"

ఆయన తప్పేమీ లేదు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. డబ్బా మూత తీసి, గుడ్డకు ఇంత ముద్ద అంటించి, గుండ్రంగా రుద్దితే మెరుపు వచ్చేస్తుందని. తీరా విచారిస్తే తెలిసిందేమిటంటే, మెరుగు పెట్టడం ఒక పూట పని, మెరుగుకు సిద్ధం చేయడం రెండు పూటల పని. కంసాలి నగకు మెరుగు పెట్టేముందు కుంకుడు రసంలో వేసి కడగడూ? సంక్రాంతికి సున్నం వేసేముందు గోడ గీకించమూ? కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకు తొందర.

కారంటే ఏ పెద్ద కారో అనుకునేరు. తెల్ల మారుతి 800. మా నాన్నగారు పింఛనులో కూడబెట్టిన డబ్బుతో 2012లో కొన్నారు. 1983 డిసెంబరులో మొదటి బండి వీధిలోకి వచ్చిన ఆ మోడలు, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అంటే ఆ వంశంలో మాది చివరి తరం అన్నమాట. నాన్నగారు 2022లో పోయారు. బండి అప్పటినుంచీ వసారా పక్కన రేకుల కింద ఉంది. ఇప్పుడు మా చెల్లెలి కూతురికి గుంటూరులో ఉద్యోగం వచ్చింది. "ఊరికే పడి ఉన్నదాన్ని దానికివ్వరా" అంది అమ్మ. సరేనన్నాను. "ఇస్తే ఇచ్చావు గాని, ఆ అవతారంలో ఇవ్వకు. మీ నాన్న బండి అది" అని కూడా అంది. అదీ ఈ పని వెనుక కథ.

ఇక పనిలోకి వద్దాం. ముందు నీడ కావాలి. ఎండలో కాలిన రేకు మీద నీళ్లు పోస్తే సబ్బు అక్కడికక్కడే ఆరిపోయి మచ్చ కడుతుంది. అందులో మాది బోరు నీరు. ఆరితే సున్నపు చుక్కలు మిగులుతాయి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి, అప్పుడే మొదలుపెట్టాలి.

బకెట్లు రెండెందుకని మా ఆవిడ అడిగింది. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. గుడ్డను సబ్బునీళ్లలో ముంచి ఒక పలక తుడిచి, మళ్లీ సబ్బులో ముంచకుండా ముందు ఉత్త నీళ్లలో జాడించాలి. ఇసుక రేణువులన్నీ అక్కడ దిగిపోతాయి. లేకపోతే ఆ ఇసుకతోనే కారంతా రుద్దుతాం. దానికన్నా కడగకుండా వదిలేయడమే నయం. కడగడం పైకప్పునుంచి కిందికి. చక్రాల దగ్గర, తలుపుల అడుగున ఉండే మట్టి అన్నిటికన్నా చివర. బట్టల సబ్బుపొడి పనికిరాదు సుమండీ. అది మురికితోపాటు రబ్బరు పట్టీల జీవాన్ని కూడా లాగేస్తుంది.

మన భాషలో గిన్నె తోముతాం, నేల తుడుస్తాం, బట్ట ఉతుకుతాం, ఒళ్లు రుద్దుకుంటాం, కాళ్లు కడుగుతాం. ఒక్కో పనికి ఒక్కో క్రియ, ఒక్కో బలం. కారును కడగాలి. తోమకూడదు. తోమితే ఏమవుతుందో మా కారే సాక్ష్యం. కడిగి ఆరబెట్టి, సెల్‌ఫోను దీపం వేసి చూస్తే, బానెట్ నిండా సాలెగూడులాగా సన్నని గీతలు, దీపం చుట్టూ వలయాలు వలయాలుగా. నాకు తెలుసు అవి ఎక్కడివో. నాన్నగారు రోజూ సాయంత్రం పాత పంచె ముక్కతో కారును పొడిగా తుడిచేవారు. నీళ్లు వృథా ఎందుకని. దుమ్ము మీద పొడిగుడ్డ అంటే ఉప్పుకాగితం పెట్టినట్టే. ఆయన ప్రేమతో తుడిచిన ప్రతి సాయంత్రమూ అక్కడ ఒక చుట్టు చుట్టి ఉంది.

పాలిష్ చేసే పని ఏమిటంటే, ఆ గీతల లోతు వరకూ పై పొరను అరగదీయడం. మెరుపు అనేది మనం పైన పూసేది కాదు, తీసేస్తే మిగిలేది. అందుకే జాగ్రత్త. ఈ కాలపు కార్లకు రంగు మీద క్లియర్ కోట్ అని పారదర్శకమైన పూత ఉంటుంది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక అంత మందం కూడా ఉండదని చెప్పవచ్చు. కారు రంగుకు మనవాళ్లు ఇప్పటికీ వాడే 'డూకో' అన్నమాట 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన రంగు పేరు. అంతకుముందు కుంచెతో వార్నిష్ పూసి, ఒక్కో కారు ఆరడానికి వారాలకు వారాలు ఆగేవారట. రంగు మారింది, రసాయనం మారింది, పేరు మాత్రం మెకానిక్కుల నోట నిలిచిపోయింది. మాటలకు అలాంటి ఆయుష్షు ఉంటుంది.

కడగడంతో మురికి పోయిందనుకోకండి. ఒక పల్చని పాలిథీన్ సంచి చేతికి తొడుక్కుని రేకు మీద మెల్లగా నిమరండి. ఉత్తచేతికి నున్నగా తగిలిన చోటే సంచిలోంచి గరగరలాడుతుంది. నేను నిమిరితే ఉప్మారవ్వ మీద చెయ్యి పెట్టినట్టుంది! పైగా తెల్లరంగు నిండా సూదిమొన అంత నారింజ చుక్కలు. కారు తుప్పు పట్టిందని నేను బెంగపడ్డాను. తీరా చూస్తే అది కారు తుప్పు కాదు, రైలు తుప్పు. మాది తెనాలి, ఇంటి వెనకే రైలుకట్ట. చక్రాలు, బ్రేకులు రాచుకున్నప్పుడు లేచే ఇనుపరజను గాలిలో వచ్చి రంగులో నాటుకుని, వానకు తుప్పు పడుతుంది. దానికి ఐరన్ రిమూవర్ అని ఒక ద్రావకం దొరుకుతుంది. చిమ్మి రెండు మూడు నిమిషాలు ఆగితే ఇనుమున్న చోటల్లా ఊదారంగు తిరిగి ధారలు కడుతుంది. చూడ్డానికి హోళీలాగా ఉంటుంది గాని, వాసన మాత్రం మురిగిన కోడిగుడ్డు. మా అమ్మాయి ముక్కు మూసుకుని పారిపోయింది. ఆరనివ్వకుండా కడిగేయాలి, చేతికి తొడుగు మరవకూడదు.

తారు చుక్కలకు గుడ్డకు కాస్త కిరసనాయిలు తడిపి అద్ది, కరిగాక తుడవాలి. దగ్గర్లో పొయ్యి, అగ్గిపుల్ల లేకుండా చూసుకోండి. ఆ జిడ్డు పోవడానికి మళ్లీ షాంపూ. పిట్టరెట్టకు తడిగుడ్డ వేసి నాననివ్వాలి. గోకకూడదు.

అప్పటికీ మిగిలిన గరుకుకు క్లే ముద్ద. జపానులో పుట్టిన వస్తువు ఇది, పిల్లలు ఆడుకునే రంగుమట్టి లాగే ఉంటుంది. సబ్బునీళ్లు ధారాళంగా చిమ్మి, దాని మీద ఈ ముద్దను బలం పెట్టకుండా నిలువునా అడ్డంగా జార్చాలి. మొదట గీరుకుంటూ వెళుతుంది, కాసేపటికి జర్రున జారుతుంది. ఆ తేడా వేళ్లకే తెలిసిపోతుంది. మురికి పట్టిన ముఖాన్ని లోపలికి మడిచి కొత్త ముఖం తీసుకోవాలి. కిందపడిందా, ఎంత ఖరీదైనా పారెయ్యాలి. నేను ఒకటి పారేశాను. మా ఆవిడ దాని ధర అడిగింది, నేను విననట్టు ఊరుకున్నాను.

ఇలా ఒక్కో పలకా చేసుకుంటూ ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి వచ్చాను. ఇక్కడ కొంచెం ఆగాలి.

ఆ తలుపు మీద జానెడు గీత ఉంది. 2019లో ఒకరోజు నాన్నగారు కూరగాయలకని బజారుకు వెళ్లి వచ్చాక కనబడింది. అప్పటికి ఆయనకు డెబ్భై నాలుగు. "ఆపి ఉన్న బండిని ఎవడో గీరేసి పోయాడురా" అన్నారు. నేను గేటు వంక చూశాను. మా గేటు సన్నం, ఆయన చూపు మందగించింది, ఇంకేం ఆధారం కావాలి? "గేటుకు రాసుకుని ఉంటుంది నాన్నా, మీకు తెలిసి ఉండదు" అన్నాను. ఆయన ఇంకోసారి చెప్పారు. నేను గట్టిగా ఏమీ అనలేదు. ఆ రాత్రి తాళంచెవి తీసి నా బీరువాలో పెట్టుకున్నాను, అంతే. ఆయన మళ్లీ అడగలేదు. ఆ మర్నాటినుంచే సాయంత్రాలు పంచె ముక్క పట్టుకుని తుడవడం మొదలుపెట్టారు.

గీతలో నల్లగా మట్టి, ఎప్పుడో రుద్దిన మైనం ముద్దకట్టి ఉన్నాయి. గుడ్డకు ద్రావకం అద్ది మెల్లగా తుడిచాను. నలుపు వదిలింది. దాని అడుగున పసుపు. నిమ్మపండు పసుపు కాదు, ఆటోల పసుపు. లేచి గేటు దగ్గరికి వెళ్లాను. మా గేటు ఆకుపచ్చ. పెచ్చు లేచిన చోట గోటితో గీకి చూశాను. పచ్చ కింద ఎర్రటి ప్రైమరు, దాని కింద ఇనుము. పసుపు ఎక్కడా లేదు. గేటు గడియ ఎత్తు కొలిచాను, గీత ఎత్తు కొలిచాను. రెండింటికీ జానెడు తేడా.

లోపలికి వెళ్లాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెప్పాను.

"మీ నాన్న ఆ రోజే చెప్పారుగా" అంది, తలెత్తకుండా.

వాకిట్లో కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎండ నేల మీదికి వచ్చేసింది. మిగతా పని సాయంత్రానికి వాయిదా.

ఇంకొకరి బండి రంగు అంటుకుని ఉంటే పాలిష్‌కు ముందే తీసెయ్యాలి. లేకపోతే అది గుడ్డకు పట్టి పలకంతా పాకుతుంది. కాబట్టి సాయంత్రం ఆ పసుపు తుడిచేశాను. కిందనున్న గీతను గోటితో అడ్డంగా గీసి చూడాలి. గోరు తగులుకోకపోతే పాలిష్‌కు పోతుంది. తగులుకుంటే ఇంట్లో ఆశ వదులుకోవలసిందే, దాన్ని పట్టుకుని అరగదీస్తే చుట్టూ ఉన్న మంచి పూతే పోతుంది. నా గోరు తగులుకుంది. అది అలాగే ఉంటుంది.

చివరగా రబ్బరు పట్టీలకు, నల్ల ప్లాస్టిక్కు బంపరుకు, రేకు అంచులకు మాస్కింగ్ టేపు అంటించాను. నల్ల ప్లాస్టిక్కు మీద పాలిష్ ఆరితే తెల్లమచ్చ పడి ఒక పట్టాన వదలదు. అంచుల మీద పూత పల్చన, త్వరగా అరిగిపోతుంది. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలులో నీళ్లు కలిపి, శుభ్రమైన గుడ్డతో ఒకసారి తుడవడం. మైనం, జిడ్డు పోయి ఉన్న గీతలన్నీ నిజంగా బయటపడతాయి. ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు, బానెట్ మూల అడుగు చదరంలో పాలిష్ పెట్టి చూశాను. సాలెగూడు మాయమైంది, వేపకొమ్మ నీడ అద్దంలోలాగా కనబడింది. మిగతా బానెట్ అంతా నాన్నగారి చుట్లు.

"బాగుందండీ. మిగతాది ఎప్పుడు?" అంది మా ఆవిడ.

వచ్చే ఆదివారం అన్నాను. పాలిష్ సంగతి కూడా వచ్చే వారమే.