దాదీని వెంట తీసుకువెళ్లగల తీరమేది?

సెలవులు వస్తే పలాస, కాశీబుగ్గ, టెక్కలి ప్రాంతాల ముస్లిం కుటుంబాలలోనూ సముద్రతీర విహారం మాట వినిపిస్తోంది. మూడు తరాలు కలిసి బయలుదేరాలన్న ఆలోచనను మేము మనసారా స్వాగతిస్తున్నాము. మా అభ్యంతరమంతా చోటును నిర్ణయించే పద్ధతి మీదనే. ఈతకొలను చిత్రం చూసి విశాఖపట్నంలో రిసార్టు గదులకు ముందే సొమ్ము కట్టేస్తారు. మెట్లెక్కలేని దాదీ, నీళ్లలో దిగాలని ఆశపడే కోడలు అక్కడికి చేరాకే గుర్తుకు వస్తారు.

ఉద్దానంలో ఈ ప్రశ్న మరింత కఠినమైనది. మూత్రపిండాల వ్యాధి ఇక్కడ ఎన్నో ఇళ్లను పట్టి పీడిస్తున్నది. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు తప్పదు. అటువంటి పెద్దలున్న ఇంట నాలుగు రోజుల దూరప్రయాణమంటే, అక్కడి ఆసుపత్రిలో ముందుగా ఏర్పాటు చేసుకోకపోతే, వారిని వదిలి వెళ్లడమే. వదిలి వెళ్లే యాత్రను కుటుంబయాత్ర అనడం మాకు సమ్మతం కాదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ లేని రోజున అక్కుపల్లి శివసాగర్ తీరానికో, బారువకో, భావనపాడుకో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చును. చేపకు జబీహా ప్రశ్న లేదు. అయితే ఎండుచేపల ఉప్పు ఆ రోగులకు పడదు, నీరు కూడా వైద్యుడు చెప్పిన కొలతలోనే తాగాలి. అక్టోబరు, నవంబరు నెలలు తుపానులవి. 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్నే తాకింది. గజ ఈతగాళ్లు లేనిచోట పిల్లలను పాదాలు తడిసేంతవరకే దిగనివ్వాలి.

రిసార్టుకే వెళ్లదలచినవారు సొమ్ము కట్టకముందే ఒక ప్రశ్న అడగాలి: నిండుదుస్తులతో మా స్త్రీలను కొలనులో దిగనిస్తారా? జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి. మతం కారణంగా హోటళ్లలో, వినోదస్థలాలలో ప్రవేశం నిరాకరించరాదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతోంది. కొలను దుస్తుల నిబంధన మాత్రం ‘అందరికీ ఒకటే’ అన్న ముసుగులో వస్తుంది. ఫ్రాన్సులో ఒక పట్టణం సముద్రతీరంలో బుర్కినీని నిషేధిస్తే, 2016 ఆగస్టులో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ నిషేధాన్ని నిలిపివేసింది. అక్కడ అడిగినవారున్నారు. మన జిల్లాలో ముస్లింల సంఖ్య స్వల్పం కనుక అడగడానికే సంకోచిస్తున్నాము.

డబ్బున్నవారు రిసార్టును ఎంచుకోగలరు, మిగిలినవారికి దిక్కు ప్రభుత్వ తీరమే. విశాఖ రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, వికలాంగులు నీటిదాకా చేరే మార్గం దాని షరతులలోనివి. ఇవి పర్యాటకుల నగరానికే పరిమితం కానక్కరలేదు. మత్స్యకార స్త్రీలకూ, జీడి కార్మికుల కుటుంబాలకూ వీటి అవసరం మనకెంతో అంతే. గొళ్లెం పడే తలుపున్న మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, ఇసుక మీద చక్రాల కుర్చీ సాగే బాట: బారువకూ శివసాగర్‌కూ ఈ మూడూ కోరుతూ, సోమవారాలలో కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పలాస పెద్దలు అర్జీ తీసుకువెళ్లాలని మా సూచన. ఆ అర్జీలో మొదటి సంతకాలు స్త్రీలవి కావాలి.