ఖరగ్‌పూర్ టీటీఈ, 210 కోట్ల ఒప్పందం
ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2001లో క్రీడా కోటాలో అక్కడ టీటీఈగా చేరిన రాంచీ కుర్రాడు మహేంద్రసింగ్ ధోనీని తమ ఊరివాడిగా చెప్పుకునే హక్కు వాళ్లకూ ఉంది. అతని ఆట చూసి ఉద్యోగమిచ్చింది రైల్వే, ఏజెంటు కాదు. ఏజెంట్లు పేరు వచ్చాక వస్తారు. 1995లో వరల్డ్‌టెల్ అధినేత మార్క్ మస్కరెన్హాస్ సచిన్‌తో కోట్ల ఒప్పందం చేసుకుని మన దేశంలో ఈ వ్యాపారానికి దారి వేశారు. అందులో తప్పేమీ లేదు, ఆటగాడి చెమటకు సరైన ధర కట్టించేవాడు కావాల్సిందే. 2010లో ధోనీ మిత్రుడు అరుణ్ పాండేకు చెందిన రితీ స్పోర్ట్స్ అతనితో 210 కోట్ల ఒప్పందం ప్రకటించింది. అదే సంస్థ రైనా, జడేజా వ్యవహారాలూ చూసింది. వాళ్లిద్దరూ ధోనీ కెప్టెన్సీలో ఆడినవాళ్లే! ఆ సంస్థలో ధోనీకి వాటా ఉందన్న వార్త 2013లో దుమారం రేపింది, ఆ వాటా కొద్దికాలమేనని సంస్థ చెప్పుకుంది. కొద్దికాలమైనా సరే, జట్టును ఎంపిక చేసే గదిలో గొంతున్నవాడికీ ఆటగాళ్ల సంపాదన చూసే సంస్థకూ డబ్బు బంధం ఉండకూడదు. ఏజెంట్లను నమోదు చేయాలని సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ 2016లోనే సిఫారసు చేసింది. ఫీఫా 2023 నుంచి ఫుట్‌బాల్ ఏజెంట్లకు పరీక్ష పెడుతోంది. ఏ ఆటగాడికి ఏ ఏజెంటో, ఎవరి వాటా ఎంతో బీసీసీఐ బహిరంగంగా ప్రకటించాలి. టికెట్ కొని ఆట చూసేవాళ్లుగా మనం ఆ జాబితా గట్టిగా అడగాలి.